ఇంటర్‌సెప్ట్ అంటే అరెస్టు కాదు

శ్రీకాకుళంలో పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఇంటర్‌సెప్ట్ అన్న మాటకు అర్థం పిల్లలకంటే వాళ్ల ఇళ్లలోవాళ్లే నన్ను ఎక్కువగా అడుగుతారు. మొన్న భావనపాడు వైపు నుంచి మా విద్యార్థి వాళ్లమ్మ వచ్చింది. భర్త గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు. "మాస్టారూ, బోటుని పట్టుకుపోయారంట, ఇందులో ఉంది చూడండి" అని ఫోను ఇచ్చింది. చెయ్యి వణుకుతోంది.

అపోహ: బోటును ఇంటర్‌సెప్ట్ చేశారంటే మనవాళ్లు జైల్లో ఉన్నట్టే.

వాస్తవం: కాదు. వెళ్తున్నదాన్ని దారిలో ఆపారు, అంతవరకే. మన 'అటకాయించడం' దీనికి సరిగ్గా సరిపోతుంది. లాటిన్‌లో 'ఇంటర్' అంటే మధ్య, 'కాపెరె' అంటే పట్టుకోవడం. బయల్దేరిన చోటికీ చేరాల్సిన చోటికీ నడుమ అడ్డుపడ్డారన్నమాట. ఆపాక ఏం చేశారో ఆ తర్వాత వచ్చే క్రియ చెబుతుంది. బోర్డెడ్ అంటే బోటెక్కి చూశారు. డిటెయిన్డ్ అంటే వెళ్లనివ్వకుండా ఉంచేశారు. అప్రిహెండెడ్ అంటే మనుషుల్ని అదుపులోకి తీసుకున్నారు. సీజ్డ్ అంటే బోటు స్వాధీనం చేసుకున్నారు. ఆమె ఫోన్లోని ఇంగ్లీషు వార్తలో ఇవేవీ లేవు. ఆపింది మన కోస్ట్‌గార్డే. కాగితాలు చూసి 'అలౌడ్ టు ప్రొసీడ్', అంటే వెళ్లనిచ్చారు. ఆ ముక్క మూడో లైన్లో ఉంది. అక్కడిదాకా చదవకుండానే ఎవడో "పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు" అని తెలుగు చేసి ఊరి గ్రూపులో పెట్టేశాడు. ఇలాంటివాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆమె భయపడడంలో మాత్రం తప్పు లేదు. 2018 నవంబరులో అరేబియా సముద్రంలో వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ రోజుల్లోనే ఒక ముసలాయన వేరే బోటు గురించిన పేపరు ముక్క తెచ్చి చూపించాడు. క్లాసుకు టైమవుతోందని పైపైన చూసి "పట్టుకున్నారంట తాతా" అనేశాను. ఆయన మా మెట్ల మీదే కూలబడిపోయాడు. రెండు రోజులకు కొడుకు ఫోన్ చేశాడు, క్షేమంగానే ఉన్నాడు. ఆ రెండు రోజులూ వాళ్లింట్లో పొయ్యి వెలగలేదని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఎవరొచ్చి అడిగినా కూర్చోబెట్టి, వార్త చివరిదాకా చదివాకే అర్థం చెబుతున్నాను.

అపోహ: మిసైల్ ఇంటర్‌సెప్ట్ అయిందంటే మనవాళ్ల మీద పడినట్టు.

వాస్తవం: పడకుండా గాల్లోనే అడ్డుకున్నారని. 2025 మే నెలలో టీవీలో ఈ మాట వచ్చిన ప్రతిసారీ, కొడుకులు ఆర్మీలో ఉన్న అమ్మానాన్నలు టెన్షన్‌తో ఫోన్ చేసేవారు. అమ్మా, అది మంచి వార్త.

వాట్సాప్‌లో మూడు నీలం టిక్కులు వస్తే ప్రభుత్వం మెసేజ్‌ని ఇంటర్‌సెప్ట్ చేసినట్టే అన్నది ఒట్టి పుకారు. వాట్సాప్‌లో మూడో టిక్కే లేదు. ఫోన్ ట్యాపింగ్ ఇంటర్‌సెప్షన్‌లో ఒక రకం, అదొక్కటే అర్థం కాదు. లెక్కల్లో వచ్చే వై-ఇంటర్‌సెప్ట్ మనం తెలుగు మీడియంలో చదువుకున్న అంతరఖండమే.

ఇక పరీక్షలో చాలామంది మార్కు పోగొట్టుకునేది ఇంటరప్ట్ దగ్గర. మీరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగిలితే ఇంటరప్ట్. మీరు పంపిన ఉత్తరం చేరకముందే దారిలో ఇంకొకరు పట్టేస్తే ఇంటర్‌సెప్ట్. ఆగి ఉన్న లారీని ఇంటర్‌సెప్ట్ చేయలేరు, అది ఎక్కడికో వెళ్తూ ఉండాలి. క్రియగా పలికేటప్పుడు 'సెప్ట్' మీద ఒత్తండి. దాని వెనక 'టు' చేర్చకండి, కర్మ నేరుగా వస్తుంది.