మార్చిలో దీవులు ఖాళీ కావు: చిలికా పక్షులపై అపోహలు, వాస్తవాలు

మాది ఒడిశాలో గంజాం జిల్లా రంభ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. చిలికా సరస్సు దక్షిణపు ఒడ్డు దగ్గరి దీవుల్లో పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని నడిపించడం నా పని. బరంపురం నుంచి, ఇచ్ఛాపురం నుంచి వచ్చే మనవాళ్లు ఏటా అవే మాటలు అంటుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "పక్షులంటే డిసెంబరు, జనవరే. సీజన్ అయిపోయాక ఏముంటుంది అన్నా?"

ఈ మాట నమ్మి చాలామంది మంచి రోజులు పోగొట్టుకుంటున్నారు. ఫిబ్రవరి చివరికి సూదితోక బాతులూ పెద్దబాతులూ బయలుదేరడం మొదలవుతుంది, గుంపులు పల్చబడతాయి. అది నిజం. కానీ బురదలో ముక్కు గుచ్చి తినే ఉల్లంకి జాతి పిట్టలు చాలావరకు ఏప్రిల్ దాకా కనిపిస్తాయి. చలికాలమంతా బూడిద రంగులో ఒకదాన్ని పోలి ఒకటి ఉండి, గుర్తుపట్టలేక మనకు తలనొప్పి తెప్పించేవి ఇవే. పోయేముందు కడుపునిండా తిని కొవ్వు పట్టిస్తాయి, ఈకలు మార్చుకుంటాయి. నల్లతోక గాడ్విట్ మెడ ఇటుక రంగుకు తిరుగుతుంది. బంగారు ప్లోవర్ పొట్ట నల్లబడుతుంది. గోధుమతల సీగల్‌నే చూడండి. జనవరిలో దాని తల తెల్లగా ఉంటుంది, కంటి వెనక ఒక మచ్చ తప్ప. పేరుకు తగ్గ తల దానికి వసంతంలోనే వస్తుంది. పక్షుల లెక్క ఎక్కువ కావాలంటే జనవరిలో రండి. పక్షిని పూర్తి రంగుల్లో చూడాలంటే మార్చిలో రండి.

అపోహ: "ఇవన్నీ సైబీరియా పక్షులు."

కొన్ని మాత్రమే. తల మీద రెండు నల్ల పట్టీలుండే పెద్దబాతులు గుడ్లు పెట్టేది మంగోలియాలో, టిబెట్ పీఠభూమిలో. హిమాలయాలు దాటేటప్పుడు అవి 7,000 మీటర్లకు పైన ఎగిరిన రికార్డులున్నాయి. మన కవులకు ప్రియమైన చక్రవాకాలు లద్దాఖ్‌లోనే పిల్లల్ని పెడతాయి. ఆ జంట రాత్రిపూట విడిపోయి ఏడుస్తుందన్నది కవిసమయం. అవి రాత్రుళ్లు కూడా మేతకు తిరుగుతాయి, చీకట్లో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి.

అపోహ: "తీతువు కూస్తే చావు కబురు."

మా అమ్మమ్మ కూడా ఇదే అనేది. ఈ నమ్మకం వల్ల ఆ పిట్టను రాళ్లతో కొట్టేవాళ్లను చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తీతువు చెట్టెక్కదు, గూడు కట్టదు. రాళ్ల నేలలో చిన్న గుంట చేసి సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవి మచ్చలతో అచ్చం గులకరాళ్లలా ఉంటాయి. కుక్క, నక్క, మనిషి ఎవరు దగ్గరికొచ్చినా, పగలైనా రాత్రైనా, పైకి లేచి అరుస్తుంది. ఆ కూత గుడ్ల కోసం, పిల్లల కోసం. ఎండలు ముదిరాక కొన్నిసార్లు నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లమీద కూర్చుంటుంది, వేడి తగ్గించడానికి. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

దీనితోపాటే ఇంకొకటి అంటారు: మనిషి చెయ్యి తగిలితే ఆ వాసనకు తల్లి గుడ్లు వదిలేస్తుందని. ఎక్కువ పక్షులు వాసన వల్ల గూడు వదలవు. అసలు ప్రమాదం మనం అక్కడే నిలబడటం. ఒకసారి మా గుంపులో ఒకాయన ఫోటో కోసం గుడ్ల దగ్గర చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. తల్లి పైన అరుస్తూనే ఉంది, గుడ్లు ఎండలో ఉడుకుతున్నాయి, చెట్టుమీద కాకులు చూస్తున్నాయి. ఆయన్ని లేపడానికి ఆలస్యం చేశాను, అది నా తప్పే. ఇప్పుడైతే తీతువు అరుపు వినగానే అందరినీ వచ్చిన దారినే వెనక్కి తిప్పుతాను. ఇసుక మేటల మీద టెర్న్ పక్షులు తల మీదకు దూకుతున్నా అదే పని చేయండి. కాలి కింద చూసుకుంటూ నడవండి.

అపోహ: "గుడ్డికొంగకు కళ్లు కనపడవు."

బాగా కనపడతాయి. పక్కకు వెళ్లినా కదలదని ఆ పేరొచ్చింది. మట్టిరంగులో ఉంది కాబట్టి మనం చూడలేదనుకుంటుంది. ఎగరగానే తెల్లటి రెక్కలు బయటపడతాయి. గుడ్లు పెట్టే కాలానికి వీపంతా ముదురు ఎరుపుకు తిరుగుతుంది, అప్పుడు దీన్ని వేరే పక్షి అనుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: "కోకిల ఉగాదికి వస్తుంది, మావిచిగురు తిని పాడుతుంది."

ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది, గొంతు విప్పేది వసంతంలో. పాడేది నల్లటి మగది. ఆడది మచ్చలమచ్చలుగా ఉంటుంది, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. దాని తిండి ఎక్కువగా మర్రి, రావి లాంటి చెట్ల పండ్లు. ఫోనులో కూత పెట్టి దాన్ని పిలవకండి. మరో మగది వచ్చిందనుకుని, మేత మానేసి పోట్లాటకు వెతుక్కుంటుంది.

అపోహ: "బర్డ్ ఐలాండ్ రాళ్లకు సున్నం వేశారు."

అవి పక్షుల రెట్టలు. మనలా పక్షులు మూత్రం వేరుగా పోయవు. నీళ్లు ఆదా చేసుకుని, వ్యర్థాన్ని తెల్లటి యూరిక్ ఆమ్లంగా రెట్టతోపాటే వదులుతాయి. దాన్ని ఫోలిక్ యాసిడ్ అనేవాళ్లూ ఉన్నారు, అది వేరే పదార్థం. ఆ రాళ్ల దగ్గర పడవ ఇంజను ఆపించి, ఉదయం ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోండి. నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటూ చాలాసేపు అలాగే ఉంటాయి.