కనపడని ఫొటో

రీలు కెమెరాలో బటన్ నొక్కాం, టక్‌మంది. ఫొటో ఎక్కడుంది? ఫిలిం మీదే ఉంది, కానీ కనపడదు. మైక్రోస్కోపు కింద పెట్టినా వెలుగు తగిలిన రేణువుకీ తగలనిదానికీ తేడా తెలియదు. ఈ హాబీలో నన్ను కట్టిపడేసింది ఆ కనపడని ఫొటోనే.

బ్లాక్ అండ్ వైట్ ఫిలిం మీద పూత అంటే జెలటిన్‌లో చెదిరి ఉన్న సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు. వెలుగు పడితే స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ ఊడి, వెండి అయాన్‌ను వెండి పరమాణువుగా మారుస్తుంది. ఒంటరి పరమాణువు నిలవదు. నాలుగైదు ఒకేచోట చేరాయా, ఇక ఆ స్ఫటికానికి ముద్ర పడ్డట్టే. కోటానుకోట్ల పరమాణువుల మధ్య ఆ నాలుగైదే ఫొటో! ఇది జరిగే తీరును 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. డెవలపర్ అనే రసాయన ద్రావణంలో ముంచితే ముద్ర పడిన స్ఫటికం మొత్తం నల్లటి వెండి అయిపోతుంది. ముద్ర పడనివాటిని తర్వాత హైపో అనే మరో రసాయనం కరిగించేస్తుంది.

ఇందులో మన పోపులపెట్టెకీ వాటా ఉంది. ఒకే పద్ధతిలో చేసినా ఒక్కో జెలటిన్‌తో ఫిలిం ఒక్కోలా పనిచేసేది. 1925లో కొడాక్‌లో శామ్యూల్ షెపర్డ్ కారణం పట్టుకున్నాడు. జెలటిన్ తీసేది పశువుల తోళ్లు, ఎముకల నుంచి. ఆ పశువులు మేసిన ఆవజాతి మొక్కల్లోని గంధకపు సమ్మేళనం ఒకటి జెలటిన్‌లోకి రవ్వంత చేరి, వెండి పరమాణువులు కుదురుకునే చోటు ఏర్పరుస్తోంది. ఆవాలకు ఘాటునిచ్చే పదార్థమే అది. పోపులో ఆవాలు చిటపటమన్నప్పుడల్లా నాకు ఫిలిమే గుర్తొస్తుంది.

రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. మామూలుగా డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. హైదరాబాద్ మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు చెయ్యి కాలుస్తాయి. నా మొదటి రీలు ఆ నీళ్లతోనే కడిగాను. వేడికి డెవలపర్ పని మితిమీరి, తెలుపు నలుపుగా కనిపించే నెగటివ్‌లో అమ్మ తెల్లచీర ఒకటే నల్లముద్ద. ఒక్క మడత కూడా మిగల్లేదు. ఇప్పుడు స్టీలు బేసిన్‌లో ఐసు ముక్కలేసి, థర్మామీటరు దిగేదాకా కూర్చుంటాను.

తీసిన రీలు కడక్కుండా ఎండాకాలమంతా బీరువాలో ఉంచకండి. వేడికీ తేమకీ ఆ నాలుగైదు పరమాణువులు చెదిరిపోతాయి. చలిలోనైతే ఎంతకాలం ఆగగలవో చూడండి. 1897లో ఆండ్రే అనే స్వీడన్ సాహసి, మరో ఇద్దరితో బెలూన్‌లో ఉత్తరధ్రువానికి బయల్దేరాడు. బెలూన్ మంచు మీద కూలింది. ముగ్గురూ తిరిగి రాలేదు. 1930లో ఒక మంచుదీవిలో వాళ్ల అవశేషాలతోపాటు ఫిలిం దొరికింది. 33 ఏళ్లు మంచులో నానిన ఆ ఫిలింను స్టాక్‌హోమ్‌లో కడిగితే 93 ఫొటోలు తేలాయి. వాటిలో ఒకదాంట్లో కూలిన బెలూన్ పక్కన ఇద్దరు నిలబడి దాన్నే చూస్తున్నారు. మూడోవాడు, స్ట్రిండ్‌బెర్గ్, కెమెరా వెనక ఉన్నాడు.