క్యాటినేన్లు, రొటాక్సేన్లు, టెంప్లేట్: అపోహలు - వాస్తవాలు

నల్గొండ, పాలమూరు దిక్కు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకు ఈ టాపిక్ చెప్తుంట. ప్రతి బ్యాచ్‌ల అవే డౌట్లు వస్తయి, గందుకే అన్నీ ఒక్కకాడ రాస్తున్న. క్యాటినేన్ అంటే ఒకదాంట్ల ఒకటి ఇరుక్కున్న రింగుల మాలిక్యూల్. రొటాక్సేన్ అంటే రింగుల నుంచి దూరిన కడ్డీ లాంటి మాలిక్యూల్, రింగు జారకుండ కడ్డీ రెండు కొసలకు స్టాపర్లు అనే పెద్ద గుంపులు ఉంటయి. టెంప్లేట్ అంటే ముక్కలను సరైన తీరుగ పట్టి ఉంచి ఇరుక్కునేటట్టు చేసేది.

అపోహ: క్యాటినేన్‌ల రెండు రింగుల మధ్య బాండ్ ఉంటది.
వాస్తవం: ఉండదు. గొలుసు లింకుల లెక్క ఒకదాంట్ల ఒకటి ఇరుక్కొని ఉంటయి అంతే, కానీ విడదీయాలంటే ఏదో ఒక రింగుల కోవలెంట్ బాండ్ తెగాల్సిందే, అందుకే దాన్ని మిక్చర్ అనరు, ఒక్కటే మాలిక్యూల్ అంటరు.

అపోహ: బాగా డైల్యూట్ చేస్తే రింగులు వాటంతటవే ఇరుక్కుంటయి.
వాస్తవం: 1960వ సంవత్సరంల వాసర్మన్ అనే కెమిస్ట్ అదృష్టం మీద వదిలేసి చేస్తే వచ్చింది ఒక్క శాతం కూడా కాదు. 1983ల ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌ల కెమిస్ట్ సోవాజ్ గ్రూపు కాపర్ వాడినంక కథే మారింది. కాపర్ వన్ (Cu⁺) అయాన్‌కు చుట్టూ టెట్రాహెడ్రల్‌గ నాలుగు డోనర్లు (ఎలక్ట్రాన్ జంట ఇచ్చే పరమాణువులు) కావాలె, ఫినాంత్రోలిన్ అనే బల్లపరుపు ఆర్గానిక్ మాలిక్యూల్ ఒక్కోటి రెండు నైట్రోజన్లు ఇస్తది, అంటే రెండు ఫినాంత్రోలిన్లు ఒకదానికొకటి అడ్డంగ కూసుంటయి. అందుల ఒకటి ముందే రింగుల భాగమైతే రెండోది ఆ రింగులకెళ్లి దూరి ఉన్నట్టే, ఇగ దాని రెండు కొసలు కలిపేయాలె. ఈల్డ్ 42 శాతం! డైల్యూషన్ వేరే పనికి, రెండు కొసలు పక్క మాలిక్యూల్‌తోని కలిసి పాలిమర్ కాకుండ ఆపనీకి. దూర్చే పని కాపర్‌దే.

అపోహ: టెంప్లేట్ తీసేస్తే రింగులు ఊడిపోతయి.
వాస్తవం: అందరు ఎక్కువ తప్పు రాసేది ఇక్కడనే. పొటాషియం సైనైడ్ వేస్తే సైనైడ్ కాపర్‌ను ఇంకా గట్టిగ పట్టుకొని గుంజుకపోతది, కాపర్ కాంప్లెక్స్‌కు ఉన్న ముదురు ఎరుపు కళ్ల ముందే పోతది, రింగులు మాత్రం ఇరుక్కునే ఉంటయి. ఫినాంత్రోలిన్లు ఒకదానికొకటి దూరం జరుగుతయి, ఆ మార్పు ఎన్ఎంఆర్‌ల (మాలిక్యూల్ నిర్మాణం చూసే పరీక్ష) సాఫ్‌గ కనపడ్తది. సైనైడ్‌తోని మాత్రం జాగ్రత్త, ఫ్యూమ్ హుడ్‌లనే చేయాలె, యాసిడ్ దరిదాపుల ఉండొద్దు.

అపోహ: టెంప్లేట్ అంటే మెటలే.
వాస్తవం: స్టొడార్ట్ అనే కెమిస్ట్ ఎలక్ట్రాన్లు ఎక్కువున్న రింగుకు, తక్కువున్న రింగుకు ఉండే ఆకర్షణతోనే చేసిండు. హైడ్రోజన్ బాండ్లతోని కూడా అయితది.

ఇంకొకటి, రొటాక్సేన్‌కు రెండు దిక్కుల ఏదో ఒక స్టాపర్ పెడితే అయిపాయె అనుకోవద్దు. స్టాపర్ రింగు కంటే సరిపోయేంత పెద్దగ లేకపోతే వేడి చేసినంక రింగు జారి బయటికొస్తది, గందుకే రింగు సైజు చూసినంకనే స్టాపర్ ఎంచుకోండ్రి.