అంధేరీ నల్లగుట్ట గురించి మనుమలకు తాత ఉత్తరం

బుజ్జీ, చిన్నా,

మొన్న మామయ్య వాళ్ల మేడ మీద నుంచి ఫోన్ చేసి, "తాతా, బిల్డింగుల మధ్య పెద్ద నల్ల గోడ ఉంది, ఎవరు కట్టారు?" అని అడిగారు కదా. సిగ్నల్ పోయి సగమే విన్నారు. అందుకే తెలంగాణ సరిహద్దు దగ్గరున్న మన దెగ్లూర్ నుంచి ఈ ఉత్తరం. మీది మరాఠీ బడి కాబట్టి తెలుగు చదవడం కష్టమైతే మామయ్యను చదివి వినిపించమనండి.

దాన్ని ఎవరూ కట్టలేదు బిడ్డా. అది ముంబై అంధేరీలోని గుట్ట, దాని పేరు గిల్బర్ట్ హిల్. దాదాపు 200 అడుగుల ఎత్తు, అంతా ఒకే నల్లరాయి. టీచర్ ఉద్యోగం రాకముందు నేను అంధేరీలో మా చిన్నాయన దగ్గర ఉండి నాలుగేళ్లు తాపీ పని చేశాను. సెలవు దొరికితే రాతిలోనే చెక్కిన మెట్లెక్కి పైనున్న గావ్‌దేవి గుడికి వెళ్లేవాణ్ని. అప్పుడు నాకూ అది ఉత్త బండరాయే. తర్వాత భూగోళం పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకే నేను ఎక్కింది ఏమిటో తెలిసింది.

కోట్ల ఏళ్ల కిందట మన దేశం ఇప్పుడున్న చోట లేదు, హిందూ మహాసముద్రంలో ఇంకా కిందికి ఉండి మెల్లగా ఉత్తరానికి జరుగుతూ వస్తోంది. హిమాలయాలు కూడా అప్పటికి పుట్టలేదు. ఆ ప్రయాణంలో, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, నేల పొడుగ్గా చీలి ఆ చీలికల్లోంచి లావా పొంగింది. శంకువులాంటి కొండ నెత్తిన పొగ, బొమ్మల పుస్తకాల్లో చూస్తారే, అలా ఊహించుకోకండి. ఇది పొయ్యి మీది పాలు పొంగి గట్టంతా పారినట్టు పారింది, ఆరింది, దాని మీద మళ్లీ పారింది. పడమటి కనుమల దగ్గర ఆ పొరలన్నీ కలిసి 2 కిలోమీటర్ల దాకా మందం ఉంటాయి. దూరం నుంచి మెట్లలా కనబడతాయి కాబట్టే దక్కన్ ట్రాప్స్ అన్నారు, స్వీడన్ భాషలో ట్రప్పా అంటే మెట్లు. ఈ రాయి ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. మీరు చూసిన ఎల్లోరా గుహలు చెక్కింది ఈ రాతిలోనే. అటు మన గోదావరి చివర, రాజమండ్రి దగ్గర కూడా ఇదే లావా దొరుకుతుంది! దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వెళ్లిందన్నమాట, ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మధ్య మధ్య లావా ఆగేది. అప్పుడు గుంటల్లో నీళ్లు నిలిచేవి, గడ్డీ కప్పలూ వచ్చేవి. ముంబైలోనే వర్లీ దగ్గర రెండు లావా పొరల మధ్య ఉన్న మట్టి రాయిలో చిన్న చిన్న కప్పల శిలాజాలు దొరికాయి.

గిల్బర్ట్ హిల్‌కు కూడా 6.6 కోట్ల ఏళ్లే అని చాలామంది చెబుతారు. అది పెద్ద లావా పొంగిన కాలం. కానీ ఈ గుట్ట రాయినే తీసి పరీక్షిస్తే వచ్చిన లెక్క 2001లో అచ్చయింది: 6 కోట్ల 5 లక్షల ఏళ్లు, అటూ ఇటూ ఒక 12 లక్షలు. అంటే ఇది ఆ కుటుంబంలో కడగొట్టు బిడ్డ. వయసు ఎలా తెలుస్తుందంటే, రాతిలో పొటాషియం ఉంటుంది, అందులో ఏ కొంచెమో చాలా నెమ్మదిగా ఆర్గాన్ అనే వాయువుగా మారుతూ ఉంటుంది. లావా కరిగి ఉన్నంతసేపూ ఆ వాయువు బయటికి పోతుంది, రాయి గట్టిపడ్డాక లోపలే చిక్కుకుంటుంది. ఎంత పోగుపడిందో కొలిస్తే రాయి వయసు తెలిసిపోతుంది.

ఇక మీరు గోడ అనుకున్నది ఎందుకో చెబుతాను. దగ్గరికి వెళ్లి చూస్తే నిలువు కంబాలన్నీ కట్టగా కట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. లావా 1,100 డిగ్రీల వేడితో వచ్చి చల్లారుతూ కుంచించుకుపోతుంది. కుంచించుకుంటే ఏమవుతుంది? ఎండాకాలం మన రేగడి చేను చూశారుగా, నెర్రెలు బారుతుంది. అంతే. చేను నీళ్లు పోగొట్టుకుని పగులుతుంది, లావా వేడి పోగొట్టుకుని పగులుతుంది. ఆ నెర్రెలు ఒకదాన్నొకటి కలుసుకుని రాయిని ఎక్కువగా ఆరు మూలల ముక్కలుగా, కొన్నిచోట్ల ఐదో ఏడో మూలల ముక్కలుగా విడగొట్టి, చల్లదనం దిగిన కొద్దీ నిలువునా లోపలికి దిగుతాయి. అలా కంబాలయ్యాయి.

ఆ గుట్ట చుట్టుపక్కల రాయినంతా క్వారీలు కొట్టి పట్టుకెళ్లాయి. ఒక ఊరు పెరగాలంటే కంకర కావాలి, నేనూ ఆ కంకరతోనే స్లాబులు పోశాను, కాదనను. ముంబైని కట్టిన చేతుల్లో మన తెలుగు కూలీలవి తక్కువేమీ కాదు, వాళ్లను కామాటీలు అనేవాళ్లు, కామాటిపుర పేరు వాళ్ల వల్లే వచ్చింది. అయినా మళ్లీ పుట్టని రాయిని కంకర లెక్కన చూడటం నాకు ఇప్పటికీ బాధే. చివరికి 2007లో నగర పాలక సంస్థ దాన్ని రెండో శ్రేణి వారసత్వ కట్టడంగా గుర్తించింది. మీరు మాత్రం జ్ఞాపకం కోసమని ముక్క విరిచి తేవద్దు. వానల్లో దాని అడుగున నిలబడొద్దు.

ఇంకొకటి. మన పడమటి చేలలోని నల్లమట్టి ఆ రాయి చివికి అయినదే. శాస్త్రవేత్తలు ఆ నేలను రేగూర్ అంటారు, అది మన రేగడి అన్న మాటే. అదే తూర్పుకు, తెలంగాణ వైపు పోతే మట్టి ఎర్రబడి చెలకలు వస్తాయి, గుండ్రాళ్ల గుట్టలు మొదలవుతాయి. లావా అంచు మన తాలూకా చుట్టుపక్కలే అయిపోయి, కిందున్న గ్రానైట్ బయటపడుతుంది. ఆ గుండ్ల వయసు 200 కోట్ల ఏళ్ల పైమాటే, వాటి ముందు గిల్బర్ట్ హిల్ పసిపాప.

మే నెల సెలవులకు రండి. అప్పటికి చేనులో నెర్రెలు మీ చెయ్యి దూరేంత అవుతాయి. సుద్దముక్క, టేపు తెచ్చుకోండి, ఏ పలకకు ఎన్ని మూలలున్నాయో లెక్కపెట్టి రాసుకుందాం, ఆ తర్వాత బండి మీద తూర్పుకు వెళ్లి మట్టి ఎక్కడ రంగు మారుతుందో చూపిస్తాను. నాయనమ్మ జొన్నరొట్టెలు కట్టిస్తానంది.

మీ తాత