ఎంపీ టికెట్ ఎవరికి బరువు? తిరుపతి, చిత్తూరు లోక్‌సభ సభ్యుల నేపథ్యం

2024 జనవరిలో వైసీపీ తన అభ్యర్థులను అటూ ఇటూ మార్చినప్పుడు సత్యవేడు ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలానికి తిరుపతి ఎంపీ టికెట్ వచ్చింది. అప్పటి ఎంపీ మద్దిల గురుమూర్తిని సత్యవేడుకు పంపారు. కాగితం మీద చూస్తే ఆదిమూలానిది ప్రమోషనే. ఒక్క సత్యవేడు పోయి ఏడు నియోజకవర్గాలు చేతికొచ్చినట్టు. ఆయనకు మాత్రం అది శిక్షలా తోచింది. బాహాటంగానే మండిపడి, టీడీపీలో చేరి, సత్యవేడులోనే నిలబడి గెలిచారు. గురుమూర్తి మళ్లీ ఎంపీ అభ్యర్థి అయ్యారు. చిత్తూరులోనూ అదే తంతు నడిచింది. గంగాధర నెల్లూరు ఎమ్మెల్యేగా ఉన్న ఉప ముఖ్యమంత్రి నారాయణస్వామిని చిత్తూరు ఎంపీ స్థానానికి, ఎంపీ ఎన్. రెడ్డెప్పను గంగాధర నెల్లూరుకు మారుస్తామన్నారు. ఆఖరికి రెడ్డెప్ప ఎంపీ అభ్యర్థిగానే మిగిలారు, గంగాధర నెల్లూరు టికెట్ నారాయణస్వామి కుమార్తెకు దక్కింది.

పార్లమెంటుకు ఎవరు పోతున్నారు, అంతకు ముందు ఏం చేసేవారు అని లెక్కలు తీసేవాళ్లు సాధారణంగా వృత్తి దగ్గర మొదలుపెడతారు: ఇంతమంది డాక్టర్లు, ఇంతమంది లాయర్లు, ఇంతమంది వ్యవసాయదారులు. పాత చిత్తూరు జిల్లాలో ఆ లెక్క సగమే చెబుతుంది. ఎంపీ కావాలని ఎవరనుకున్నారో చూస్తే చాలదు, ఎవరు వద్దనుకున్నారో కూడా చూడాలి. ఊళ్లలో పట్టున్నవారు అసెంబ్లీని పట్టుకుని కూర్చుంటారు. పార్లమెంటు స్థానం మిగిలినవారికి వస్తుంది. మొదటి నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు.

1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ తిరుచానూరులో పుట్టినవారు. మొదట లెక్కల మాస్టారు, తర్వాత చిత్తూరులో వకీలు, ఆ తర్వాత జైలుకు వెళ్లివచ్చిన కాంగ్రెస్ నాయకుడు. 1934లోనే ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. కోర్టులో వాదించడం, చట్టసభలో వాదించడం అప్పట్లో ఒకే పనికి రెండు గదుల్లాంటివి. అంచనాల కమిటీ తొలి అధ్యక్షుడు, తొలి డిప్యూటీ స్పీకర్, 1956లో తొలి స్పీకర్ మావలంకర్ కన్నుమూశాక స్పీకర్ ఆయనే. ఈ ప్రాంతం నుంచి ఎన్నికైనవారిలో పార్లమెంటు పనిని పార్లమెంటు పనిగానే చేసినవారంటే ముందుగా గుర్తొచ్చే పేరు ఆయనదే. 1957లో చిత్తూరు నుంచి గెలిచారు. 1962లో అక్కడే మళ్లీ గెలిచి, వెంటనే బీహార్ గవర్నరుగా వెళ్లిపోయారు.

పాత జాబితాలు చదివేవారు సాధారణంగా తప్పటడుగు వేసేది ఇక్కడే. 1952లో చిత్తూరు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకే ఓటర్ల జాబితా నుంచి టి.ఎన్. విశ్వనాథరెడ్డి, ఎస్సీలకు కేటాయించిన స్థానంలో ఎం.వి. గంగాధర శివ ఇద్దరూ ఎన్నికయ్యారు. 1957లో అయ్యంగార్‌తో పాటు గంగాధర శివ మళ్లీ చిత్తూరు సభ్యుడే. ఒకే ఊరికి ఒకే ఏడాది రెండు పేర్లు కనిపిస్తే అచ్చు తప్పనుకుని ఒకదాన్ని కొట్టేసేవారున్నారు. అలా ఎస్సీ సభ్యుడి పేరు ఎగిరిపోతుంది. 1961 చట్టంతో ఈ జంట స్థానాలు రద్దయ్యాయి. 1962లో తిరుపతి నుంచి సి. దాస్ గెలిచారు, 1967లోనూ ఆయనే. ఆ తర్వాత రెండుసార్లు టి. బాలకృష్ణయ్య, 1980లో పసల పెంచలయ్య.

అయ్యంగార్ ఖాళీ చేసిన చిత్తూరుకు 1962 ఉప ఎన్నికలో వచ్చింది ఆచార్య ఎన్.జి. రంగా. నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, స్వతంత్ర పార్టీ నాయకుడు. అదే ఏడాది సొంత తెనాలిలో ఓడిపోయి ఇక్కడ గెలిచారు. బయటివారైనా రైతు రాజకీయం ఆయనను ఇక్కడికి పట్టుకొచ్చింది. ఆ పాఠశాల నుంచి వచ్చిన స్థానిక నాయకుడు పాటూరి రాజగోపాల నాయుడు 1977, 1980ల్లో చిత్తూరు ఎంపీ. ఆయన కుమార్తె గల్లా అరుణకుమారి రాష్ట్ర మంత్రిగా చేశారు, మనుమడు గల్లా జయదేవ్ 2014లోనూ 2019లోనూ గుంటూరు ఎంపీ. తాతది రైతు సంఘం దారి, మనుమడిది బ్యాటరీల పరిశ్రమ దారి. ఒక్క ఇంట్లో మూడు తరాలు చూస్తే కోస్తా, సీమ రాజకీయాల్లో డబ్బు పొలం నుంచి ఫ్యాక్టరీకి ఎలా నడిచిందో తెలుస్తుంది.

1984లో ఎన్టీఆర్ గాలికి రెండు సీట్లూ టీడీపీకి వచ్చాయి. ఆ పార్టీ 30 మందితో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైన ఏడాది అది. చిత్తూరులో ఎన్.పి. ఝాన్సీలక్ష్మి, తిరుపతిలో డాక్టర్ చింతా మోహన్. మోహన్ తర్వాత కాంగ్రెస్‌లోకి వెళ్లి 1989, 1991, 1998, 2004, 2009ల్లో గెలిచారు. మొత్తం ఆరుసార్లు. తిరుపతి రిజర్వుడు స్థానంలో ‘డాక్టర్ గారు’ అన్న ముద్ర పాతుకుపోయింది ఆయనతోనే.

చిత్తూరు 2004 దాకా జనరల్ స్థానం. అప్పటి ఎంపీల దారి వేరు. నూతనకాల్వ రామకృష్ణారెడ్డి పుంగనూరు ఎమ్మెల్యేగా ఉండి 1996లో ఎంపీ అయ్యారు. రెండు సభల్లోనూ సభ్యత్వం ఉంచుకోవడం కుదరదు. గెజిట్‌లో పేరొచ్చిన 14 రోజుల్లోగా అసెంబ్లీకి రాజీనామా ఇవ్వకపోతే పార్లమెంటు స్థానమే ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పుంగనూరులో ఉప ఎన్నిక వస్తే కుమారుడు అమరనాథరెడ్డి గెలిచారు. తండ్రి ఢిల్లీకి, కొడుకు హైదరాబాద్‌కు. ఎంపీ టికెట్ బరువు కాకుండా లాభమయ్యే సందర్భం ఇదొక్కటే: కింద వదిలే సీటు ఇంట్లోనే ఉండాలి. 2004లో గెలిచిన డి.కె. ఆదికేశవులు బెంగళూరులో మద్యం వ్యాపారంతో ఎదిగినవారు. 2008 జూలై విశ్వాస పరీక్షలో టీడీపీ విప్‌ను కాదని యూపీఏకు ఓటేశారు, ఆ ఏడాదే టీటీడీ చైర్మన్ అయ్యారు. ఢిల్లీకి వెళ్లిన దారి కొండకు తిరిగింది.

2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనతో బొమ్మ మారిపోయింది. పాత చిత్తూరు జిల్లాలోని 14 అసెంబ్లీ స్థానాలు మూడు పార్లమెంటు స్థానాలకు చీలాయి. ఏడు (చంద్రగిరి, నగరి, గంగాధర నెల్లూరు, చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, కుప్పం) చిత్తూరుకు. మూడు (తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు) తిరుపతికి, నెల్లూరు వైపున్న సర్వేపల్లి, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేటలతో కలిపి. పుంగనూరు, మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె రాజంపేటకు. చిత్తూరు కూడా ఎస్సీ స్థానమైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్సీలవి నాలుగు. అమలాపురం, బాపట్ల పోగా మిగిలిన రెండూ పక్కపక్కనే ఇక్కడే ఉన్నాయి. ఎస్సీ స్థానాలు ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్నచోట, అదీ రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలని పునర్విభజన చట్టం చెబుతుంది. రెండో షరతు ఇక్కడ ఎంత పలచగా అమలైందో పటం చూస్తే చాలు.

దాని ఫలితం ఎంపీల వృత్తుల్లో కనిపిస్తుంది. జనరల్ స్థానమైన రాజంపేటలో 2014 నుంచి మూడుసార్లు గెలిచింది పుంగనూరు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి కుమారుడు మిథున్‌రెడ్డి. పక్కనున్న రెండు రిజర్వుడు స్థానాల్లో అదే కాలంలో వచ్చినవారిలో కొందరు: తమిళనాడు కేడర్ ఐఏఎస్ ఉద్యోగం వదిలివచ్చిన వరప్రసాదరావు, నాలుగుసార్లు గూడూరు ఎమ్మెల్యేగా చేసిన బల్లి దుర్గాప్రసాద్, ఫిజియోథెరపిస్టు గురుమూర్తి, డాక్టరూ సినీనటుడూ అయిన ఎన్. శివప్రసాద్, మాజీ ఐఆర్‌ఎస్ అధికారి దగ్గుమళ్ల ప్రసాదరావు. చదువు, హోదా ఉంటాయి, ఊళ్లలో సొంత గ్రూపు ఉండదు. పార్టీలకు కావాల్సింది కూడా అదే. ఎంపీ తమ మండలాల్లో వేలు పెట్టకూడదన్నది ఎమ్మెల్యేల తొలి షరతు.

వీరిలో నిచ్చెన మెట్టుమెట్టుగా ఎక్కినవారు శివప్రసాద్, దుర్గాప్రసాద్. శివప్రసాద్ 1999లో సత్యవేడు ఎమ్మెల్యే, కొంతకాలం రాష్ట్ర మంత్రి, 2009లోనూ 2014లోనూ చిత్తూరు ఎంపీ. ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ఆవరణలో నారదుడుగా, హిట్లర్‌గా వేషాలు కట్టింది ఆయనే. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు గానీ, మాట్లాడే సమయం దొరకని చిన్న పార్టీ ఎంపీ కెమెరా ముందు నిలబడాలంటే ఉన్న దారుల్లో అదొకటి. వరప్రసాదరావు దారి తిరగబడ్డది: 2009లో ప్రజారాజ్యం తరఫున ఎంపీగా ఓటమి, 2014లో వైసీపీ ఎంపీ, 2019లో గూడూరు ఎమ్మెల్యే, 2024లో బీజేపీ ఎంపీ అభ్యర్థి. రెండు ఎంపీ స్థానాల పరిధిలో ఎస్సీ అసెంబ్లీ సీట్లు ఐదే: గూడూరు, సూళ్లూరుపేట, సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు. ఎక్కినా దిగినా ఆ ఐదు మెట్ల మీదే.

2020 సెప్టెంబరు 16న దుర్గాప్రసాద్ మరణించారు, 2021 ఏప్రిల్ 17న తిరుపతిలో ఉప ఎన్నిక జరిగింది. ఆ బరిని చూస్తే విషయం బోధపడుతుంది. వైసీపీ నుంచి జగన్ పాదయాత్రలో ఆయన వెంట నడిచిన ఫిజియోథెరపిస్టు గురుమూర్తి, టీడీపీ నుంచి మాజీ కేంద్రమంత్రి పనబాక లక్ష్మి, బీజేపీ నుంచి కర్ణాటక ప్రభుత్వ మాజీ ప్రధాన కార్యదర్శి కె. రత్నప్రభ, కాంగ్రెస్ నుంచి చింతా మోహన్. కర్ణాటకలో పనిచేసిన అధికారి తిరుపతిలో ఎలా నిలబడ్డారని చాలామంది అడిగారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 4వ సెక్షన్ ప్రకారం లోక్‌సభ ఎస్సీ స్థానానికి ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా, దేశంలో ఎక్కడ ఓటున్నా సరే పోటీ చేయొచ్చు. అసెంబ్లీకి అలా కుదరదు: 5వ సెక్షన్ కింద ఆ రాష్ట్రపు ఎస్సీ అయి, ఆ రాష్ట్రంలోనే ఓటుండాలి. పార్లమెంటు స్థానానికే బయటివారు రావడానికి చట్టం తెరిచిన తలుపు అది. గురుమూర్తి ఆధిక్యం 2,71,592.

మూడేళ్లకు అదే గురుమూర్తి ఆధిక్యం 14,569. అయినా ఆ 14,569 ఇంకా గట్టిది. 1999 నుంచి రాష్ట్రంలో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు ఒకేసారి జరుగుతున్నాయి, ఎమ్మెల్యే గాలిలోనే ఎంపీ కొట్టుకొస్తాడన్నది లెక్క. ఖర్చు పరిమితి చూసినా అంతే: 2024లో ఎంపీ అభ్యర్థికి 95 లక్షలు, ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షలు. ఏడుగురివీ కలిపితే 2 కోట్ల 80 లక్షలు. చట్టబద్ధంగా చూసినా ఎంపీ అభ్యర్థి ప్రచారం ఎమ్మెల్యేల బండెక్కాల్సిందే. కానీ 2024లో తిరుపతి పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ టీడీపీ, జనసేన, బీజేపీల కూటమి గెలిచింది, ఎంపీ మాత్రం వైసీపీ. అసెంబ్లీ యంత్రంలో ఆరుచోట్ల సైకిల్, తిరుపతిలో గ్లాసు. పార్లమెంటు యంత్రంలో కమలం. బండి కదిలింది గానీ చివరి బోగీ తగిలించలేదు. అభ్యర్థికి సొంత గ్రూపు లేకపోవడం మామూలు రోజుల్లో పార్టీకి సౌకర్యం, గుర్తు మారిన రోజున మాత్రం ఆ లోటు పూడ్చేవారు ఉండరు.

వివరాలు సరిచూసుకోవాలంటే రెండు చోట్ల చూడాలి. లోక్‌సభ సభ్యుల పరిచయ పత్రంలోని వృత్తి సభ్యులు తామే రాసిచ్చినది. ఎకరం ఉన్నా ‘వ్యవసాయదారు’, ఏమీ తోచకపోతే ‘సామాజిక కార్యకర్త’. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 ప్రమాణపత్రం ఇంకొంచెం నిక్కచ్చిగా ఉంటుంది. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువుతో పాటు అభ్యర్థిదీ జీవిత భాగస్వామిదీ ఆదాయ మార్గం, అయిదేళ్ల ఆదాయపు పన్ను లెక్క అందులో ఉంటాయి. ఈ ప్రమాణపత్రాలు 2002, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పుల తర్వాతే వచ్చాయి, ఆదాయ మార్గం వరస ఇంకా తర్వాత చేరినది. అందుకే 2004కి ముందు ఎంపీల వృత్తి అంటే వాళ్లు చెప్పుకున్నదే. పోలిక చేసేటప్పుడు ఈ గీతను దాటి ఇటూ అటూ కలిపేస్తే లాయర్లు తగ్గారు, వ్యాపారులు పెరిగారు అన్న లెక్కలో కొంత నిజం, కొంత ఫారం మారిన ప్రభావం కలిసిపోతాయి.

1952 నుంచి ఇప్పటిదాకా చిత్తూరు లోక్‌సభ జాబితాలో ఉన్న మహిళ ఝాన్సీలక్ష్మి ఒక్కరే. తిరుపతిలో ఒక్కరూ లేరు. పనబాక లక్ష్మి 2019లోనూ 2021లోనూ పోటీ చేసి ఓడిపోయారు. 2023 రాజ్యాంగ సవరణ మహిళలకు ఇచ్చిన మూడో వంతు రిజర్వేషన్ ఎస్సీ స్థానాలకూ వర్తిస్తుంది.