అక్క ఉప్పు గురించి ఎందుకు రాస్తోందంటే

చిరంజీవులు చిన్నికి, వంశీకి తాతయ్య ఆశీస్సులు.

"అక్కకు కంప్యూటర్ సీటు రాలేదా తాతయ్యా?" అని చిన్ని మొన్న ఫోనులో గుసగుసగా అడిగింది. అమెరికా వెళ్లిన పిల్ల ఉప్పు చరిత్ర మీద వ్యాసం రాస్తోందని, రాళ్ల గురించి చదువుతోందని, పైగా స్పానిష్ కూడా నేర్చుకుంటోందని విని మీ అమ్మ కూడా కాస్త ముభావంగానే ఉంది. సీటు రాకపోవడం కాదమ్మా. అక్క చేరింది లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో, అంటే మొదట్లోనే ఒక్క విషయానికి కట్టేయకుండా రకరకాలవి చదివించే చోట. అలాంటి కాలేజీల్లో పిల్లల్ని ముందు కాలేజీలోకి చేర్చుకుంటారు. ఏది ప్రధానంగా చదవాలో రెండో ఏడాది ముగిసేలోగా చెబితే సాధారణంగా సరిపోతుంది. పేరులో ఆర్ట్స్ ఉందని వంశీ అనుకున్నట్టు అది బొమ్మలు వేసే కాలేజీ కాదు, లెక్కలూ భౌతికశాస్త్రమూ అక్కడ ఉంటాయి.

మీరు పెద్ద వల లాగడం చూశారా? ఆర్కే బీచ్‌లో ఐస్‌క్రీమ్ తింటూ దూరం నుంచి చూస్తే చూసినట్టు కాదు. తాడు ఒక కొసను ఒడ్డున కొందరి చేతిలో పెట్టి పడవ లోపలికి పోతుంది. వలను వంపుగా జారవిడుస్తూ తిరిగి, చాలా ఎడంగా ఒడ్డుకు చేరి రెండో కొసను ఇంకొందరికి ఇస్తుంది. రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. అవి పక్కపక్కకు వచ్చేసరికి నడుమనున్న సంచి ఒడ్డెక్కుతుంది. ఆ సంచే అక్క తర్వాత ఎంచుకోబోయే ప్రధాన విషయం. మొదటి ఏడాది మాత్రం కొసలు ఎంత ఎడంగా ఉంటే అంత మేలు. మొదలే దగ్గరదగ్గరగా నిలబడి లాగితే వచ్చేది నాచు.

ఎడంగా నిలబడమని ఊరికే చెబితే ఎవరు వింటారు? అందుకే నియమాలు పెట్టారు. అమెరికాలోని స్వార్థ్‌మోర్ కాలేజీలో మానవీయ, సామాజిక, ప్రకృతి శాస్త్రాలని మూడు విభాగాలు. పట్టా చేతికి రావాలంటే ఒక్కోదానిలో కనీసం మూడేసి కోర్సులు చేయాలి, రాతకు ప్రాధాన్యమిచ్చేవి మూడు ఉండాలి. అక్కడ మొదటి సెమిస్టర్‌లో గట్టెక్కారా లేదా అన్నదే చూస్తారు, గ్రేడ్ల గోల లేదు. నాకు బాగా నచ్చిన నియమం ఇదే. అక్కడివే ఆమ్‌హెర్స్ట్, గ్రినెల్ కాలేజీల్లో అందరికీ తప్పనిసరి అన్నది మొదటి ఏడాదిలో చేసే చిన్న తరగతి ఒక్కటే. కొలంబియా విశ్వవిద్యాలయంలోనైతే ఈత రావాలన్న నియమం కూడా చాలాకాలం నడిచింది. పెదజాలరిపేట పిల్లలు వింటే నవ్వుతారు.

అక్క ఉప్పు వ్యాసం అలాంటి చిన్న తరగతిదే. పది పదిహేనుమంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. విషయం ఏదైనా కావచ్చు. నేర్పేది చదవడం, రాయడం, ఎదుటివాళ్లు చెప్పింది పూర్తిగా విని జవాబివ్వడం. "ఉప్పు మానవ జీవితంలో ఎంతో ముఖ్యమైనది" అని అక్క మొదలుపెడితే, మాస్టారు దాని కింద గీత గీసి "ఎవరికి? ఎప్పుడు?" అని రాశారట. అక్క మళ్లీ రాసింది. ఈసారి 1930లో గాంధీగారు దండికి నడవడం వచ్చింది. ఆ పై వారం మన నౌపడ ఉప్పు మడుల గురించి నన్నే గుచ్చిగుచ్చి అడిగింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని పిల్ల!

మన దగ్గర పదో తరగతి ఫలితాలు వచ్చీరాగానే ఎంపీసీయా బైపీసీయా అని తేల్చేస్తాం. పదిహేనేళ్లకే సంచి మూతి కట్టేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇప్పుడిప్పుడే మన శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల కూడా మొదటి ఏడాది అన్నీ చదివించే పద్ధతి వచ్చింది, సంతోషం.

వల సంగతి ఇంకా అయిపోలేదు. మా చిన్నప్పుడు మమ్మల్ని వల ముట్టుకోనిచ్చేవారు కాదు. లాగిన తాడును ఇసుకలో చుట్టలు చుట్టడమే మా పని. తడి తాడు ఒరిపిడికి అరచేతులు ఎర్రగా కందిపోయేవి. కూలి కింద దోసెడు నెత్తళ్లు ఇస్తే అమ్మ చింతకాయ వేసి పులుసు పెట్టేది. ఆ పులుసు కోసం బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి, మీరు మాత్రం ఆ పని చేయకండి.

అప్పుడు ఒడ్డున ఒక ముసలాయన నిలబడేవాడు. నీటి రంగు, పక్షుల వాలు చూసి "ఇప్పుడు" అనేవాడు, పడవ కదిలేది. అక్క కాలేజీలో సలహాదారు పని కూడా ఇంచుమించు అదే. ఏ కోర్సు ఎప్పుడు, ఏది వదలాలి అన్నది అక్కతో కూర్చుని మాట్లాడతారు. అయితే నాలుగు దిక్కులూ తిరిగిన పిల్లకు తనది ఇదేనని ఎలా తెలుస్తుంది? అది నేను చెప్పలేను. ఆ ముసలాయనను అడిగితే ఆయనా చెప్పలేదు, సముద్రం వైపు వేలు చూపించాడు.

ఈ ఆదివారం తెల్లవారకముందే మీ నాన్నను లేపి జోడుగుళ్లపాలెం వైపు తీసుకెళ్లమనండి. వల పడితే "మేమూ ఒక చెయ్యి వేయమంటారా?" అని మర్యాదగా అడగండి. చెప్పులు దూరంగా పెట్టండి, తాడుకు అడ్డం నిలబడకండి.

మీ
తాతయ్య