కోనోకార్పస్ గొడవ వెనుక 85 శాతం లెక్క

మొక్కలు నాటే కాలం రాగానే వరంగల్, హనుమకొండ కాలనీల్లో పాత గొడవ మళ్ళీ లేచింది. రోడ్ల పక్కన, డివైడర్ల మీద ఏపుగా పెరిగిన విదేశీ చెట్టు కోనోకార్పస్‌ను తీసేసి మన చెట్లు పెడదామని కొందరు, ఉన్న నీడ పోగొట్టుకుంటామా అని ఇంకొందరు.

2015లో తెలంగాణలో మొక్కలు నాటే పథకం హరితహారం మొదలవడం, పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలనుకోవడం అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2019 మున్సిపల్ చట్టం. మున్సిపాలిటీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే ఖర్చు పెట్టాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, లేదంటే వార్డు సభ్యుడి పదవికీ అధికారి ఉద్యోగానికీ ఎసరే. ఏడాది ముందు పంచాయతీరాజ్ చట్టం సర్పంచులకూ, కార్యదర్శులకూ ఇదే షరతు పెట్టింది.

ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లు నర్సరీకి వెళ్లి ఏం అడుగుతారు? మొరం నేలలో రావి మొక్క పెడితే మొదటి రెండు మూడు ఎండాకాలాలు ట్యాంకర్ తప్పకుండా రావాలి. ట్రీగార్డు లోంచి చిగురు బయటికొస్తే చాలు, మేక అందుకుంటుంది. మేకలకు చట్టం తెలియదు కదా! కోనోకార్పస్‌కు ఈ బాధల్లేవు. మేక పెద్దగా ముట్టదు, నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, ఒకట్రెండేళ్లలో మనిషి ఎత్తు దాటుతుంది. 85 శాతం లెక్కలో వేపా ఒకటే, ఇదీ ఒకటే.

2022లో ఈ మొక్కను నర్సరీల్లో పెంచొద్దని ప్రభుత్వమే చెప్పింది. మరుసటి ఏడాది గుజరాత్ నిషేధించింది. కానీ అప్పటికే నాటినవి రోడ్ల మీదే ఉన్నాయి. వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి దూరుతున్నాయనీ, చలికాలంలో పుప్పొడితో ఆయాసం వస్తోందనీ ఫిర్యాదులు. ఆయాసానికి రోడ్డు దుమ్ము కారణం కాదా అని రెండో పక్షం అడుగుతోంది.

మన చెట్లు కావాలనేవాళ్లు వేప ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు. కొన్నేళ్లుగా శిలీంధ్రం సోకి వేప కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోవడం చూశారు. అందుకే కలిపి నాటాలంటారు. నీడకు కానుగ, మురికికాల్వ ఒడ్డున తెల్లమద్ది, ఖాళీ జాగాలో జమ్మి. గుంత లోతుగా తవ్వి చెరువు మట్టి, పశువుల పెంట వేస్తే మొరంలోనూ వేరు దిగుతుంది. కరెంటు తీగల కింద, డివైడర్ల మీద తంగేడు చాలు. దాన్నీ మేక ముట్టదు, పైగా రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు పూల కోసం ఊరి బయటికి పోవాల్సిన పనీ ఉండదు. 2019లోనే దీన్ని తెచ్చి ఉంటే లెక్కా కుదిరేది.

వీళ్లేమీ ఒక్కసారే అన్నీ నరకమనడం లేదు. ముందు మధ్యమధ్యలో కానుగ పెట్టి, అది నీడనిచ్చే నాటికి ఒక్కొక్కటే తీయాలన్నది వాళ్ల మాట. కొట్టి వదిలేసినా లాభం లేదు, మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. వేర్లతో పెకలించాలంటే జేసీబీ కావాలి, కిందేమో నల్లా పైపులు. పైపు పగిలితే ఖర్చు ఎవరిదన్న దగ్గరే మాట తెగడం లేదు.